వేగం వాడుకోలేని ఊళ్లో సూపర్ కారు: ఏది కొనాలి?

"సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు?" సూపర్ కారు కొందామనుకునే వాళ్లలో చాలామంది మొదట అడిగేది ఇదే. 2020లో వచ్చిన పోర్షే 911 టర్బో ఎస్‌కి 2.7, మెక్లారెన్ 720ఎస్‌కి 2.9, 2014లో మొదటగా వచ్చిన లంబోర్గినీ హురకాన్‌కి 3.2. హైదరాబాద్‌లో ఉంటూ ఈ అంకెలు చూసి కారు ఎంచుకుంటే మాత్రం వాడుకోలేని దానికి కోట్లు కట్టినట్టే. మనకున్న మంచి రోడ్డు ఔటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు, బైకులకు ప్రవేశం లేదు. అక్కడ కూడా పరిమితి 120. 2023లో పెంచకముందు అది వందే. ఈ కార్లలో ఏదైనా సరే, మూడో గేరు పూర్తికాకముందే ఆ 120 వచ్చేస్తుంది. పై గేర్లన్నీ మైలేజీ కోసమే అనుకోవాలి.

అందుకే నేను వీటిని వేరే కొలతతో చూస్తాను. గంటకు 60లో, పక్కన ఆటో పోతుండగా, ఈ కారు నాకేం ఇస్తుంది? చెవికి శబ్దమా, చేతికి స్టీరింగ్‌లో తెలిసే రోడ్డా, కళ్లకు ముందున్న దారా? ఇలా అడిగితే వరస మొత్తం మారిపోతుంది. అన్నింటికంటే వేగమైనది వెనక్కి పోతుంది, కాస్త నెమ్మదిది ముందుకొస్తుంది. నెమ్మదిది అంటే ఇక్కడ 3.2 సెకన్లది అని గుర్తుంచుకోండి.

ఇక్కడ మాట్లాడేది ఎక్కువగా సెకండ్ హ్యాండ్ గురించే. కొత్తది కొనేవాళ్లకి సలహాల కంటే షోరూంలో క్యూ పెద్ద సమస్య.

ధర ఇంత ఎందుకంటే

విదేశంలో పూర్తిగా తయారై వచ్చే ఖరీదైన కారు మీద మన దిగుమతి సుంకం 110 శాతం. 2025 బడ్జెట్‌లో బేసిక్ డ్యూటీని 70కి తగ్గించి, పైన 40 శాతం సెస్సు వేశారు కాబట్టి మొత్తం అక్కడికక్కడే ఉంది. దాని మీద జీఎస్టీ 40 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి. అంటే ఓడరేవులో కోటి రూపాయలున్న కారు సుంకంతో 2.10 కోట్లు, జీఎస్టీతో 2.94 కోట్లు అవుతుంది. ఆపైన తెలంగాణ లైఫ్ ట్యాక్స్ సుమారు ఐదో వంతు. డీలరు లాభం కలపకముందే మూడున్నర కోట్లు. టెక్సస్‌లో ఉన్న బావమరిది "ఇక్కడ సేల్స్ ట్యాక్స్ 6.25 శాతమే" అంటే నవ్వి ఊరుకోవడమే.

సెకండ్ హ్యాండ్ బండి లాభం ఇక్కడే ఉంది. ఈ పన్నులన్నీ మొదటి ఓనర్ కట్టేశాడు. ధర పడినప్పుడు కారుతో పాటు ఆ పన్ను కూడా అరుగుతుంది. అయితే ఎదురుగాలి కూడా ఉంది. బ్రిటన్‌తో 2025 జూలైలో సంతకమైన వాణిజ్య ఒప్పందంలో, కోటా మేరకు కార్ల సుంకాన్ని దశలవారీగా 10 శాతానికి తెచ్చే ఏర్పాటుంది. మెక్లారెన్ బ్రిటన్‌లో తయారయ్యే కారు. కొత్తదాని రేటు దిగితే పాతదాని రేటూ దిగుతుంది. ఈ రోజు నాలుగు కోట్లు పెట్టి మెక్లారెన్ కొనేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

ముందు మీ గేటు, తర్వాతే షోరూం

కారు కంటే ముందు మీ ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న దారి చూడండి. జూబ్లీహిల్స్ కొండ మీద ఇళ్లకి గేటు దగ్గరే ఏటవాలు. అపార్ట్‌మెంట్ అయితే సెల్లార్ ర్యాంప్ కింద ఒక మడత, పైన ఒక మడత. కాలనీ అసోసియేషన్లు ఎవరికి తోచినట్టు వాళ్లు వేయించిన స్పీడ్ బ్రేకర్లు సరేసరి. ఈ కార్లు నేలకు బాగా దగ్గరగా ఉంటాయి కాబట్టి, ముక్కు తగలకుండా ముందు భాగాన్ని కొన్ని సెంటీమీటర్లు పైకెత్తే ఫ్రంట్ లిఫ్ట్ ఉంటుంది, కానీ చాలా మోడళ్లలో అది ఆప్షన్. మొదటి ఓనర్ డబ్బు మిగుల్చుకుని లిఫ్ట్ వేయించుకోని కారు మీకు పది లక్షలు తక్కువకి వచ్చినా వద్దు. తర్వాత వేయించుకోవడం చాలా కష్టం.

లిఫ్ట్ ఉన్నా అన్నీ ఒకటి కాదు. మెక్లారెన్ 720ఎస్‌లో ముక్కు పైకి లేవడానికి 10 సెకన్లు పడుతుంది. తర్వాత వచ్చిన 750ఎస్‌లో దాన్ని 4 సెకన్లకు తగ్గించామని కంపెనీ గొప్పగా చెప్పుకుంది. కాగితం మీద చిన్న విషయం. వెనక టిప్పర్ హారన్ కొడుతుండగా స్పీడ్ బ్రేకర్ ముందు పది సెకన్లు ఆగి చూస్తే ఎంత పెద్దదో తెలుస్తుంది. పోర్షేలో ఇంకో తెలివైన ఏర్పాటు ఉంది. ఒకసారి లిఫ్ట్ వాడిన చోటును జీపీఎస్‌తో గుర్తు పెట్టుకుని, మళ్లీ అక్కడికొచ్చినప్పుడు అదే లేస్తుంది. మీ గేటు, మీ ఆఫీసు సెల్లార్, దారిలో రెండు స్పీడ్ బ్రేకర్లు నేర్పిస్తే రోజువారీ టెన్షన్ సగం తగ్గుతుంది.

పోర్షే 911 టర్బో ఎస్: అందరూ కొనాల్సినది, కొందరికి నచ్చనిది

3.7 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, దానిలోకి గాలిని ఒత్తి పంపే రెండు టర్బోలు, 650 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవర్. 2020లో ఇండియాకి వచ్చినప్పుడు ఎక్స్-షోరూం ధర 3.08 కోట్లు. మే నెల ఎండలో ఏసీ పనిచేస్తుంది, వానలో భయపెట్టదు, ట్రాఫిక్‌లో అలగదు. వెనక రెండు చిన్న సీట్లున్నాయి. పెద్దవాళ్లు కూర్చోలేరు కానీ పిల్లలకు సరిపోతాయి. రెండు సీట్ల కారు కొన్న ఇంట్లో ఆదివారం ఎవరు ఎక్కాలన్న పంచాయతీ ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఈ రెండు సీట్ల విలువ తెలుస్తుంది.

మరి లోటేమిటి? 60లో పోతుంటే ఇది మామూలు మంచి కారులాగే ఉంటుంది. శబ్దం మెత్తగా, స్టీరింగ్ తేలిగ్గా, అంతా సర్దుకుని ఉంటుంది. దాని అసలు గుణం బయటపడాలంటే గట్టిగా తొక్కాలి. తొక్కిన రెండు సెకన్లలో బ్రేకు మీద కాలు వేయాలి. సిగ్నల్ దగ్గర పక్కవాళ్లు కూడా పెద్దగా తిరిగి చూడరు. నాకు అది లాభమే అనిపిస్తుంది. చూడాలనే కొనేవాళ్లకి అదే నిరాశ. వారానికి నాలుగు రోజులు నడపాలనుకుంటే, ఇంట్లో ఇదొక్కటే ఖరీదైన కారు అయితే, ఇక వేరే ఆలోచన అనవసరం.

లంబోర్గినీ హురకాన్: నెమ్మదిగా పోతున్నా దొరికే ఆనందం

నా కొలతకు బాగా నిలబడేది ఇదే. 5.2 లీటర్ల వీ10, అంటే పది సిలిండర్ల ఇంజిన్, టర్బో లేదు. టర్బో లేకపోవడం వల్ల శబ్దానికి అడ్డేమీ ఉండదు, కాలు కదిపిన వెంటనే ఇంజిన్ పలుకుతుంది. రెండో గేరులో, పరిమితి దాటకుండానే, వెనక ఇంజిన్ గొంతు మారుతుండటం వీపుకు తెలుస్తుంది. 2014లో 610 హార్స్‌పవర్‌తో మొదలై, 2019లో ఈవో పేరుతో 640కి వచ్చి, 2024లో ఉత్పత్తి ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన టెమెరారియో నాలుగు లీటర్ల వీ8, రెండు టర్బోలు, మూడు ఎలక్ట్రిక్ మోటార్లతో 920 హార్స్‌పవర్ ఇస్తుంది. 2025లో ఇక్కడ దాని ధర ఆరు కోట్లు. వేగంలో పోలికే లేదు. కానీ ఆ పాత వీ10 ఇక కొత్తగా రాదు. రీసేల్‌లో హురకాన్ బలమంతా అదే.

బాధలు కూడా చెప్పుకోవాలి. వెనక అద్దంలో కనిపించేది చాలా తక్కువ. రివర్స్ పార్కింగ్ కెమెరా దయ. ముందు డిక్కీ వంద లీటర్లు. ఒక చిన్న సూట్‌కేసు, అంతే. ఆరడుగులు దాటినవాళ్లకు తల పైకప్పుకు తగులుతుంది. సస్పెన్షన్ గట్టిది. బండి కొనేముందు, కుదుపును అణిచే మాగ్నెటిక్ డ్యాంపర్లలో ఆయిల్ లీకు ఉందేమో గ్యారేజీలో కారును పైకెత్తించి చూడాలి. వానల్లో నడిపే ఉద్దేశం ఉంటే వెనక చక్రాలకే పవర్ ఇచ్చే వెర్షన్ కాకుండా నాలుగు చక్రాలకూ ఇచ్చేదే తీసుకోండి.

హురకాన్ జాతిలో మన రోడ్లకి తగినది నిజానికి స్టెరాటో. ఈవో కంటే 44 మిల్లీమీటర్లు ఎత్తు, మట్టి రోడ్డును కూడా తట్టుకునే టైర్లు, అదే వీ10. గరిష్ఠ వేగం 260 మాత్రమే అని కొందరు పెదవి విరిచారు. ఆ 260 మీరు ఎక్కడ చూస్తారట? ప్రపంచం మొత్తానికి 1,499 కార్లే చేశారు కాబట్టి దొరకడం కష్టం, దొరికినా బేరం ఉండదు.

డబ్బు ఇంకా తగ్గాలంటే ఆడి ఆర్8 ఉంది. రెండో తరం ఆర్8 హురకాన్‌తో ఇంజినూ పునాదీ పంచుకున్నదే. బ్యాడ్జీ మీద మోజు లేకపోతే ఇంతకన్నా తెలివైన కొనుగోలు లేదు. బ్యాడ్జీ మీద మోజు లేనివాళ్లు ఈ మార్కెట్లో తక్కువ కాబట్టే అది చౌక.

ఫెరారీ: ఏ ఏడాది మోడల్ అన్నదే అసలు ప్రశ్న

ఫెరారీ అనగానే ఒకే కారులా మాట్లాడతారు కానీ, మూడు వేర్వేరు కాలాల మధ్య ఎంచుకుంటున్నారని గుర్తుంచుకోవాలి. 2009 నుంచి 2015 దాకా వచ్చిన 458 ఇటాలియా 4.5 లీటర్ల వీ8, టర్బో లేదు, తొమ్మిది వేల ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. 2015లో వచ్చిన 488 జీటీబీ, ఆ తర్వాత 2019లో వచ్చిన ఎఫ్8 ట్రిబ్యూటో టర్బో కార్లు. 670, 720 హార్స్‌పవర్‌తో 458 కంటే చాలా వేగం, శబ్దంలో మాత్రం దానికి సాటి రావు. ఇక 296 జీటీబీ మూడు లీటర్ల వీ6 హైబ్రిడ్, మొత్తం 830 హార్స్‌పవర్. ఇక్కడ 5.40 కోట్లకు మొదలైంది.

60లో ఆనందం అన్న లెక్కన 458 ముందుంటుంది. కానీ దాని గేర్‌బాక్స్‌లో సెన్సార్లు పోయిన కేసులు పేరుమోసినవి. సరిగ్గా రిపేరు చేసేవాళ్లు దొరకకపోతే గేర్‌బాక్స్ మొత్తం మార్చమంటారు, ఆ బిల్లుకి కొత్త ఇన్నోవా వస్తుంది. ఫెరారీ కొత్త కార్లకి ఏడేళ్ల మెయింటెనెన్స్ కంపెనీయే ఇస్తుంది. ఏటా లేదా 20,000 కిలోమీటర్లకి షెడ్యూల్ సర్వీసు అందులోనే వస్తుంది. అంటే 458కి అది ఎప్పుడో అయిపోయింది, 488కి అయిపోయింది లేదా అయిపోవస్తోంది. ఎఫ్8 అయితే ఇంకా కొంత మిగిలి ఉండొచ్చు. ఆ మిగిలిన ఏళ్లకి ధరలో విలువ కట్టండి.

296 గురించి ఒక్క మాట. అది పెట్రోలు ముట్టకుండా ఎలక్ట్రిక్ మీదే 25 కిలోమీటర్లు పోతుంది. తెల్లవారుజామున ఐదింటికి కాలనీలో ఎవరినీ లేపకుండా బయటపడొచ్చు. మిగతావాటిని స్టార్ట్ చేసిన మరుక్షణం పక్కింటి అంకుల్ వాట్సాప్ గ్రూపులో రాస్తారు.

మెక్లారెన్: నడిపేవాడికి మెచ్చుకోలు, దాచుకునేవాడికి దిగులు

720ఎస్ కూర్చోగానే ఆశ్చర్యపరుస్తుంది. అద్దాల పక్క స్తంభాలు సన్నగా, చుట్టూ గాజు, ముందు రోడ్డు మొత్తం కనిపిస్తుంది. స్టీరింగ్ ఇప్పటికీ హైడ్రాలిక్ సాయంతో నడిచేది కాబట్టి రోడ్డు గరుకుదనం చేతికి తెలుస్తుంది. గతుకుల మీద హురకాన్ కంటే ఎంతో మెత్తన. సామానుకు ముందు 150 లీటర్లు, సీట్ల వెనక ఇంకో 210. శబ్దం ఒక్కటే సాదా. తలుపులు పైకి లేస్తాయి కాబట్టి సెల్లార్ పైకప్పు ఎత్తు కొలుచుకోండి.

అయినా మొదటి సూపర్ కారుగా నేను వద్దనే అంటాను. కంపెనీ ఇండియాకి అధికారికంగా వచ్చింది 2022 నవంబర్‌లో, ముంబయిలో. ఇక్కడ ఉన్న బండ్లు తక్కువ, వాటి మీద చెయ్యి తిరిగిన మెకానిక్కులు ఇంకా తక్కువ. 2025లో కంపెనీ అబుదాబికి చెందిన సీవైవీఎన్ హోల్డింగ్స్ చేతికి వెళ్లింది. కొత్త యజమాని డబ్బు పెట్టి విడిభాగాల సరఫరా మెరుగుపరిస్తే మంచిదే, అది జరిగాక కొనొచ్చు. ప్రపంచమంతటా మెక్లారెన్ల ధర పోర్షే కంటే త్వరగా పడుతుంది. పైన చెప్పిన బ్రిటన్ సుంకం సంగతి దానికి తోడు.

ఉరుస్ సూపర్ కారేనా?

కాదు, అది లంబోర్గినీ వాళ్ల ఎస్‌యూవీ. కానీ కంపెనీ అమ్ముతున్న కార్లలో సగానికి పైగా అదే. ఐదు సీట్లు, అవసరమైతే 248 మిల్లీమీటర్ల దాకా లేచే సస్పెన్షన్, పెళ్లికి కుటుంబమంతా ఒకే బండిలో. "లంబోర్గినీ కొన్నాడు" అనిపించుకోవడం కోసమైతే ఉరుస్ తీసుకోండి, సుఖంగా ఉంటారు. నడపడం కోసమైతే ఇది మీ కారు కాదు.

చౌకగా దొరికే పాత బండ్ల గురించి కూడా హెచ్చరిక అవసరం. ఈ-గేర్ గేర్‌బాక్స్ ఉన్న లంబోర్గినీ గల్లార్డో, ఎఫ్1 గేర్‌బాక్స్ ఫెరారీ ఎఫ్430 లాంటివి ఒకే క్లచ్‌ను కంప్యూటర్ తొక్కే రకం. పంజాగుట్ట ట్రాఫిక్‌లో జరుపుకుంటూ పోతే ఆ క్లచ్ కరిగిపోతుంది. కొత్త డ్యుయల్ క్లచ్ కార్లలోనూ అంగుళం అంగుళం జరపకుండా, ముందు ఖాళీ వచ్చేదాకా ఆగి ఒకేసారి కదలడం అలవాటు చేసుకోవాలి. ఆ ఖాళీలోకి బైకులు దూరతాయి, ఫోన్లు పట్టుకుని బంపర్ దాకా వస్తాయి. ఈ కార్లలో దేనితోనైనా తప్పని బాధే ఇది, హురకాన్‌తో కాస్త ఎక్కువ.

పెట్రోలు విషయంలో పిసినారితనం వద్దు. మామూలు పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 లాంటి 100 ఆక్టేన్ పెట్రోలు ఏ బంకుల్లో దొరుకుతుందో ముందే తెలుసుకుని పెట్టుకోండి. కారు వారాల తరబడి నిలబడితే బ్యాటరీ పడిపోతుంది కాబట్టి పార్కింగ్ చోట చార్జర్‌కి ప్లగ్ పాయింటు ఉండాలి. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ తప్పనిసరి. ఒక్క గంట వానకి మన రోడ్లు ఏమవుతాయో తెలిసిందే.

కాగితాలు

కారులో లోపం ఉంటే డబ్బు పోతుంది. కాగితాల్లో లోపం ఉంటే కారే పోతుంది. పన్ను ఎగ్గొట్టడానికి పుదుచ్చేరిలో రిజిస్టర్ చేయించి ఇక్కడ తిప్పుతున్న ఖరీదైన కార్లను 2021లో తెలంగాణ రవాణా శాఖ పట్టుకుంది. 2025లో హైదరాబాద్‌కు చెందిన ఒక లగ్జరీ కార్ల డీలర్‌ను, స్మగ్లింగ్, సుంకం ఎగవేతలను పట్టుకునే కేంద్ర సంస్థ డీఆర్‌ఐ అరెస్టు చేసింది. విదేశీ కార్లను దుబాయ్, శ్రీలంకల మీదుగా తెప్పించి, ఎడమ స్టీరింగ్‌ను కుడికి మార్పించి, విలువ తక్కువ చూపించాడన్నది ఆరోపణ. కాబట్టి కస్టమ్స్ దగ్గర దాఖలు చేసిన దిగుమతి పత్రం, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ అడగండి, అందులోని ఛాసిస్ నంబరు కారు మీద ఉన్నదానితో సరిచూడండి. ఆ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆరా తీస్తే ఆ కారు మొదట ఏ దేశానికి తయారైందో చెబుతారు. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ, తెలంగాణలో మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ లెక్క వేసుకున్నాకే బేరం మొదలుపెట్టండి.

కొనేముందు అద్దెకు

ఇన్ని కోట్లు పెట్టేముందు కొన్ని వేల దిర్హాములు పెట్టి దుబాయ్‌లో హురకాన్ ఒక రోజు, 911 ఒక రోజు అద్దెకు తీసుకోండి. రోజుకి కిలోమీటర్ల పరిమితి, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, ఇన్సూరెన్స్‌లో మీ వాటా ఎంత అన్నవి ముందే రాయించుకోవాలి. నగరంలో తిప్పి, తర్వాత రస్ అల్ ఖైమా వైపు జెబెల్ జైస్ ఘాట్ రోడ్డు ఎక్కండి. చాలామందికి ఆ రెండు రోజులతో కోరిక తీరిపోతుంది, అది కూడా మంచి ఫలితమే. వేగమే కావాలనుకునేవాళ్లు గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లలో ట్రాక్ డే ఎప్పుడు జరుగుతుందో కనుక్కోవచ్చు.

అయినా కొనాలనే అనుకుంటే నా వరస ఇది. రోజూ నడపడానికి 911 టర్బో ఎస్. ఇంట్లో ఇంకో కారు ఉండి, ఆదివారం పొద్దున కోసమైతే లిఫ్ట్ ఉన్న హురకాన్ ఈవో, బడ్జెట్ తక్కువైతే ఆర్8. ఫెరారీ తప్ప వేరేది మనసుకెక్కదంటే మెయింటెనెన్స్ మిగిలున్న ఎఫ్8. మెక్లారెన్ ఇంకో రెండేళ్లు ఆగి.

బేరం కుదిరేలోపు అమ్మేవాళ్లను ఒక్కటి అడగండి. కారును మీ ఇంటికి తీసుకొచ్చి, మీ గేటు ఎక్కించి, సెల్లార్‌లోకి దించి, మళ్లీ పైకి తేవాలి. ఇంజిన్ చల్లగా ఉండగా మీ ముందే స్టార్ట్ చేయాలి. టైర్ల మీద తయారీ వారం, ఏడాది చెప్పే నాలుగు అంకెలు చూడండి. ఐదేళ్లు దాటితే, టైరు ఎంత అరగకుండా ఉన్నా మార్చే ఖర్చు ధరలో తగ్గించమనండి. సిరామిక్ బ్రేకుల అరుగుదల కంటికి సరిగ్గా తెలియదు. డిస్కు మీద కనీస బరువు ముద్రించి ఉంటుంది, విప్పి తూకం వేయించాల్సిందే. "అంత అవసరం లేదు సార్, బండి షోరూం కండిషన్" అంటే అడ్వాన్స్ ఇవ్వకండి.